సముద్రం దగ్గర చెప్పులకి కాపలా

సెలవులొచ్చాయంటే 'ఈసారి బీచ్‌కి వెళ్దాం' అనే మాట చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది. అనడమే కాదు, వెళ్తాం కూడా. తిరిగొచ్చాక పిల్లలు కెరటాల గురించి చెప్తారు, మగవాళ్ళు తాము ఎంత లోపలికి వెళ్ళారో చెప్తారు. మరి ఆ ఇంటి ఇల్లాలిని అడిగి చూడండి, 'నువ్వేం చూశావమ్మా?' అని. 'ఏం చూస్తాను, సామాన్ల దగ్గర కూర్చున్నాను' అంటుంది.

నమ్మకం కలక్కపోతే ఏ ఆదివారం సాయంత్రమో విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లోనో, ఋషికొండలోనో, భీమిలిలోనో ఓ పావుగంట నిలబడి చూడండి. నీళ్ళల్లో మగవాళ్ళు, కుర్రాళ్ళు, చిన్నపిల్లలు. ఒడ్డున పొడి ఇసకలో దుప్పటి పరుచుకుని ఆడవాళ్ళు. వాళ్ళ చుట్టూ అయిదారు జతల చెప్పులు, విప్పిన చొక్కాలు, వాచీలు, సెల్‌ఫోన్లు, పర్సులు, పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసాలు. సముద్రానికి వీపు తిప్పి, గాలికి ఎగిరే ఇసక పడకుండా కొంగు అడ్డం పెట్టి పిల్లకి అన్నం పెడుతున్న తల్లి కూడా కనిపిస్తుంది. ఆవిడా సముద్రం చూడ్డానికి వచ్చినావిడే!

సముద్రం చూడ్డానికి వచ్చి చెప్పులు చూసుకుని వెళ్ళిపోయే ఈ విహారయాత్ర గురించే నా బాధ. 'ఇదీ ఒక సమస్యేనా?' అని కొందరికి అనిపించవచ్చు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి దొరికే సెలవు అది. ఆ ఒక్కరోజైనా మనది కాకపోతే ఇంకెప్పుడు మనదవుతుంది?

ఇంటిపని వెంటే వస్తుంది

అసలు బీచ్ ప్రయాణం మనకి ముందురోజు రాత్రే మొదలవుతుంది. చింతపండు నానబెట్టడం, చపాతీలకి పిండి కలపడం. తెల్లవారుజామునే లేచి పులిహోర, పెరుగన్నం, పెద్దవాళ్ళకి కారం లేకుండా ఇంకేదో. తర్వాత తువ్వాళ్ళు, మారు బట్టలు, మాత్రలు, కాగితం ప్లేట్లు. అక్కడికి వెళ్ళాక వడ్డన. ఇంటికొచ్చాక మిగిలిన వాళ్ళు అలిసిపోయి పడుకుంటే, మనం బకెట్లో ఇసక బట్టలు జాడించడం. ఇసక బట్టలు ఎన్నిసార్లు జాడించాలో జాడించేవాళ్ళకే తెలుసు. మిగిలిన వాళ్ళందరికీ అది సెలవు. మనకి మాత్రం అదే పని, కాకపోతే కుళాయి లేని చోట!

ఇంకో సంగతి చూడండి. మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. కాబట్టి మన సముద్రానికి అసలు అందం పొద్దున్నే. నీటి అంచు ఎర్రబడి, చూస్తూండగానే బంగారురంగు దారి ఒడ్డుదాకా పరుచుకునే ఆ పది నిమిషాలు చూసి తీరాలి. కానీ ఆ సమయానికి ఇల్లాలు ఎక్కడుంటుంది? పాలు పొంగకుండా చూస్తూ పొయ్యి దగ్గర ఉంటుంది. విశాఖలోనే పుట్టి, విశాఖలోనే కాపురం చేస్తూ, సముద్రం మీద సూర్యోదయం ఒక్కసారి కూడా చూడలేదని చెప్పిన గృహిణులు నాకు తెలుసు. సముద్రం వాళ్ళింటికి రెండు కిలోమీటర్లు కూడా లేదు.

చూడాలంటే ఎంత ఉందో!

'ఏముంది అక్కడ, నీళ్ళేగా' అనే వాళ్ళున్నారు. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకుని వెళ్ళే ఒక్క రోడ్డు మీదే ఎన్ని ఉన్నాయో చూడండి.

రామకృష్ణా బీచ్ ఎదురుగా కురుసురా జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. 2002లో ఒడ్డుకి చేర్చి ప్రదర్శనశాల చేశారు. లోపలికెళ్తే రెండు చేతులూ చాపడానికి చోటుండదు. అంత ఇరుకులో అంతమంది మనుషులు నెలల తరబడి ఎలా వండుకుని, ఎలా పడుకున్నారా అని చూస్తే, మన చిన్న వంటింటి మీద ఫిర్యాదులు కాసేపు మర్చిపోతాం.

కైలాసగిరి, ఋషికొండ దాటి ముందుకెళ్తే తొట్లకొండ, బావికొండ. రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోట్లు. కొండరాతిని తొలిచి వాననీళ్ళు నిలవ చేసుకున్న తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ, బావులున్నాయి కాబట్టి బావికొండ. నీళ్ళు దాచుకోవడం ఎంత తెలివైన పనో ఎండాకాలంలో బిందెలు వరసపెట్టే మనకి వేరే చెప్పక్కర్లేదు. తొట్లకొండ మీంచి కిందికి చూస్తే సముద్రం నీలం చీర ఆరేసినట్టుంటుంది. కొండ దిగితే మంగమారిపేట. కెరటాలు కొట్టీ కొట్టీ రాతిలో సహజంగా ఏర్పడిన తోరణం అక్కడ ఒడ్డునే ఉంది.

ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళ పాటు సముద్రం ముందుకొస్తూ వెనక్కెళ్తూ, గాలి ఇసకని మోస్తూ కట్టిన దిబ్బలివి. ఇసకలో ఉన్న ఇనుము తుప్పుపట్టినట్టయి ఆ ఎరుపు వచ్చింది. దేశంలో కాపాడుకోవలసిన భూవారసత్వ స్థలాల్లో ఇదొకటని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించింది. సినిమా పాటల్లో ఎన్నిసార్లో చూసే ఉంటారు. అక్కడికెళ్ళి పిల్లలు దిబ్బలమీద పేర్లు చెక్కుతూంటే 'వద్దమ్మా' అనండి. చెక్కితే రాలిపోయిన మట్టిని మళ్ళీ అతికించడం ఎవరివల్లా కాదు.

ఇక భీమిలి. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకానికి దిగిన రేవు. వాళ్ళ సమాధులు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. ఒకపక్క గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఇంకోపక్క కొండ, దాని మీద నరసింహస్వామి గుడి, ఆ పక్కనే పావురాలకొండ బౌద్ధ శిథిలాలు. 1978లో వచ్చిన 'మరో చరిత్ర' సినిమా చూసిన వాళ్ళకి ఈ ఒడ్డు ఇప్పటికీ గుర్తే.

ఇన్ని ఉండగా దుప్పటి మీద కూర్చుని రావడం ఏం న్యాయం చెప్పండి?

మంచినీళ్ళు తాగని ప్రయాణం

మనం నీళ్ళల్లోకి దిగకపోవడానికి, కొండలెక్కకపోవడానికి మన మొహమాటమే కారణం అనుకుంటే పొరపాటు. అసలు కారణం పైకి చెప్పుకోలేనిది. బీచ్‌కి వెళ్ళేరోజు పొద్దున్నుంచీ మంచినీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళు ఎంతమందో! తాగితే వెళ్ళడానికి చోటుండదు. మగవాళ్ళకి ఆ బాధ లేదు, ఏ సరుగుడు చెట్టు చాటైనా చాలు. ఎండలో, ఉప్పుగాలిలో నాలుగైదు గంటలు నీళ్ళు తాగకుండా గడిపితే తలనొప్పి, ఆ తర్వాత మూత్రంలో మంట. విహారయాత్రకి వెళ్ళి రోగం తెచ్చుకున్నట్టు అవుతుంది. నెలసరి రోజుల్లోనైతే ప్రయాణమే మానుకుంటాం, ఏదో ఒక సాకు చెప్పి.

ఊరు పేరు చెప్పను గానీ, ఒక బీచ్ దగ్గర ఆడవాళ్ళకని కట్టిన మరుగుదొడ్డికి తాళం వేసి ఉండటం నేను చూశాను. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే పక్కన బజ్జీల బండి అతన్ని అడగమన్నారు. అతను ఇంకొకర్ని చూపించాడు. చివరికి రోడ్డవతల ఒక హోటల్లో అవసరం లేని కాఫీ కొనుక్కుని పని కానిచ్చుకున్నాం. కాఫీ కొనుక్కోలేని ఆవిడ ఏం చెయ్యాలి?

చెయ్యాలనుకుంటే చెయ్యవచ్చని ఋషికొండ చూపించింది. బీచ్‌లు శుభ్రంగా, భద్రంగా ఉంటే 'బ్లూ ఫ్లాగ్' అని ఒక అంతర్జాతీయ గుర్తింపు ఇస్తారు. డెన్మార్క్‌లో ఉన్న సంస్థ ఇస్తుంది. దానికి 33 నిబంధనలున్నాయి. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, ప్రాణరక్షకులు, ప్రథమచికిత్స ఇవన్నీ అందులోవే. 2020లో మన దేశంలో మొదటిసారి ఆ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో ఋషికొండ ఒకటి. 2025లో నిర్వహణ బాగాలేదని ఆ జెండా కొన్నాళ్ళు దిగింది, బాగుచేశాక మళ్ళీ ఎగిరింది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? కట్టడం ఒక రోజు పని, కడుక్కోవడం రోజూ పని. ఇల్లు నడిపే మనకి ఇది కొత్త పాఠం కాదు. జెండా ఉన్న ఒక్క బీచ్‌లోనే కాదు, జనం వెళ్ళే ప్రతి ఒడ్డునా తాళం వెయ్యని, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి, తలుపు గడియ సరిగ్గా పడే బట్టలు మార్చుకునే గది, రాత్రి ఎనిమిదింటిదాకా వెలిగే దీపాలు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికా?

తడిసిన చీర, తిరిగే కళ్ళు

నీళ్ళల్లోకి దిగితే చీర తడుస్తుంది, ఒంటికి అంటుకుంటుంది. మార్చుకోవడానికి చోటుండదు. చుట్టూ చూసేవాళ్ళు ఉంటారు. ఇదివరకు చూపులే, ఇప్పుడు సెల్‌ఫోన్ కెమెరాలు కూడా. ఎవడో తియ్యని ఫొటో కూడా తీస్తున్నాడేమో అన్న అనుమానంతో సగం ఆనందం పోతుంది. అందుకని చీలమండ తడిసేదాకా వెళ్ళి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఒక కెరటం రాగానే కెవ్వుమని వెనక్కి పరిగెత్తుకొచ్చేస్తాం. మనకి సముద్రం అంతే.

తమాషా ఏమిటంటే, మన అమ్మమ్మలు ఇంతకంటే లోపలికి వెళ్ళారు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని పెద్దలు చెప్పేవారు. కానీ కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి వచ్చాయంటే ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా, చేతులు పట్టుకుని, కట్టుకున్న చీరలతోనే మునిగేవారు. ఇప్పటికీ మునుగుతున్నారు. ఆ రోజుల్లో తడి చీరని ఎవరూ తప్పుపట్టరు. అంటే పుణ్యం కోసమైతే సముద్రం మనది, సంతోషం కోసమైతే కాదు! ఎవరు రాశారు ఈ చట్టం?

ఇంతకంటే బాధ కలిగించేది ఆడపిల్లల సంగతి. పన్నెండేళ్ళదాకా తమ్ముడితో సమానంగా కెరటాల్లో గెంతిన పిల్ల, పదమూడో ఏడు రాగానే 'చాల్లే, ఇలా వచ్చి కూర్చో' అనిపించుకుని అమ్మ పక్కన కూర్చుంటుంది. చెప్పుల కాపలా ఆ రోజు నుంచే నేర్చుకుంటుంది. పిలిచేది ఎవరు? చాలాసార్లు మనమే. దానికి మోకాళ్ళదాకా వచ్చే పైజమా, ముదురు రంగు చొక్కా వేసి పంపి, మనం దగ్గర నిలబడితే ఏం పోతుంది?

భయం కాదు, తెలివిడి కావాలి

అలాగని సముద్రంతో పరాచికాలొద్దు. మన తీరంలో చాలాచోట్ల రాళ్ళున్నాయి, ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది. జూన్ నుంచి సముద్రం ఉధృతంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఏం చేసిందో చూసినవాళ్ళు మర్చిపోలేరు.

అందరూ తెలుసుకోవలసింది ఒకటుంది. ఒడ్డుకి వచ్చిన నీళ్ళు ఏదో ఒకచోట సన్నని దారి చేసుకుని వేగంగా లోపలికి మళ్ళుతాయి. అక్కడ కెరటాలు పెద్దగా విరగవు కాబట్టి ప్రశాంతంగా కనిపిస్తుంది. 'ఇక్కడ బావుంది' అని అక్కడే దిగుతారు. ఆ ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డుకేసి తిన్నగా ఈదకూడదు, అలిసిపోతారు. నీటిమీద తేలుతూ ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకాలే దూకేయకూడదు. ప్రాణరక్షకుల్ని కేకెయ్యాలి, తేలే వస్తువేదైనా విసరాలి. ఒడ్డున కూర్చునేది మనమే కాబట్టి ముందు కనిపించేదీ మనకే. అందుకని మనకే ముందు తెలియాలి. 'చాలు, రండీ!' అని అరవడంతో సరిపెట్టకుండా ఎక్కడ దిగాలో, ఎక్కడ కూడదో చెప్పగలగాలి. మందు తాగినవాళ్ళని నీళ్ళల్లోకి వెళ్ళనివ్వం అని గట్టిగా అనగలగాలి.

మేం వెళ్ళొచ్చాం

చెప్పడమేనా, చేసిందేమైనా ఉందా అంటారేమో. మేం విజయనగరంలో ఉంటాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కదా. ఆ నవంబరులో ఒక బుధవారం మా వీధిలో ఆరుగురం భీమిలి వెళ్ళాం. మాలో చిన్నావిడకి ఇరవయ్యారు, పెద్దావిడకి డెబ్భై ఒకటి. ఒకే ఒక్క షరతు పెట్టుకున్నాం: ఎవరూ ఏమీ వండి తేకూడదు. ఇడ్లీ హోటల్లో తిన్నాం. డచ్చివాళ్ళ సమాధులు చూశాం. అందరి సంచీలూ ఒకచోట పెట్టి, అరగంటకొకరం చొప్పున వంతులేసుకున్నాం. మిగిలిన అయిదుగురం నీళ్ళల్లో.

మామ్మగారు మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి మా ఇద్దరి చేతులు పట్టుకుని నడుం దాకా దిగారు. ఇక రండి మామ్మగారూ అంటే, 'యాభై ఏళ్ళ కిందట మా అత్తగారితో పుణ్యస్నానానికి వచ్చానే. మూడు మునకలు వెయ్యనిచ్చి లాక్కెళ్ళిపోయారు. ఇవాళ నాకు పుణ్యం అక్కర్లేదు, కాసేపు వదిలెయ్యండి' అన్నారు.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి, 'సముద్రాన్ని సూడ్డానికొచ్చినారా అమ్మా?' అని పలకరించింది. మీకేం, రోజూ చూస్తారు కదా అంటే నవ్వి, 'మాకు సూడ్డానికి టైమేటమ్మా? పడవొచ్చిందా, సేపలు పడ్డాయా, అమ్ముడైనాయా, అదే సూత్తాం' అంది. మనం విహారానికి వెళ్ళే ఒడ్డు ఆవిడకి పనిచేసే చోటు. పొద్దున్నే చేప కొని, గంపలో నెత్తిన పెట్టుకుని, ఊళ్ళు తిరిగి అమ్మే ఆ ఆడవాళ్ళకీ మరుగుదొడ్డి కావాలి, నీడ కావాలి. మనం అడిగేటప్పుడు వాళ్ళకోసం కూడా అడగాలి. వాళ్ళు చేపలు ఎండబెట్టిన చోట మన ప్లాస్టిక్ ప్లేట్లు పారేసి రావడం మాత్రం కూడదు.

సాయంత్రం దీపాలవేళకి ఇళ్ళకి చేరాం. ఇళ్ళల్లో ఏ ప్రళయమూ రాలేదు. మావారు అన్నం వండి ఉంచారు. కాస్త మెత్తగా అయిందనుకోండి, అయినా తిన్నాం.

మగవాళ్ళు కావాలని మనల్ని ఒడ్డున కూర్చోబెడతారని నేననను. 'నువ్వూ రా' అని పిలిచేవాళ్ళే ఎక్కువ. 'సామాన్లో?' అని మనం అంటాం. ఆ ప్రశ్నకి 'నేను చూస్తాలే, నువ్వెళ్ళు' అనే జవాబు ఆ వైపు నుంచి రావాలి. రాకపోతే మనమే అడగాలి. అలక, దెప్పులూ లేకుండా మామూలుగానే, 'ఈ అరగంట మీరు కూర్చోండి, నేనూ అమ్మాయీ వెళ్ళొస్తాం' అని చెప్తే చాలు. విలువైనవి ఇంటి దగ్గరే వదిలి వెళ్తే కాపలా కాయడానికి చెప్పులు తప్ప ఏమీ మిగలవు. తిండి బయట కొనుక్కునే స్థోమత ఉంటే ఆ ఒక్కపూటా కొనుక్కుందాం. లేకపోతే పులిహోర కలపడం అందరి పనీ అనుకుందాం. ఒక్క పొద్దుటైనా పొయ్యి వెలిగించకుండా సూర్యోదయానికి వెళ్దాం.

మిగిలినది పాలకుల పని. పర్యాటకం పేరుతో ఒడ్డున బొమ్మలు, రంగుదీపాలు, ఫొటో దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలు పెడుతున్నారు. వాటికంటే ముందు ఆడదానికి ఒక గడియ పడే తలుపు పెట్టండి. వార్డు సభల్లో, ఓట్లడగడానికి వచ్చినప్పుడు, మనం ఇదే అడగాలి. సిగ్గుపడి ఊరుకుంటే మన అమ్మాయిలు కూడా పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా బీచ్‌కి వెళ్ళాల్సిందే.

వచ్చే సెలవుల్లో మీరు సముద్రానికి వెళ్తే ఇంటికొచ్చాక మీ చీర అంచు పిండి చూసుకోండి. ఉప్పునీళ్ళు కారాయంటే మీరు నిజంగా వెళ్ళొచ్చినట్టు.